తమ్ముడు ఎక్కని విమానం

సూరత్, డిండోలి
ఆదివారం

అక్కకు నర్సయ్య దండాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావకు దగ్గు తగ్గిందా? ఊళ్లో మళ్లీ ఎవరికైనా ఆ రోగం తగిలిందా? ఇక్కడ నేనూ తమ్ముడు తిరుపతీ ఒంట్లో బాగానే ఉన్నాం. ఉత్తరం పొడుగు చూసి నువ్వు గాబరా పడతావని ఆ మాట ముందే రాస్తున్నాను. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో చెప్పలేనిది ఒకటి ఉంది. ఒక గదిలో ఆరుగురం ఉంటున్నాం, తమ్ముడి చాప నా చాప పక్కనే. నీ ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు, ఎప్పుడు చేసినా వాడకట్టు మొత్తానికి వినిపిస్తుంది.

పని మెల్లగా సాగుతోంది. కార్ఖానాలో సగం మగ్గాలే తిరుగుతున్నాయి. గేటు దగ్గర నుదుటికి మిషను పెట్టి చూసి లోపలికి పంపుతారు. మగ్గాల వేడికి గంటలోపే మాస్కు తడిసి ముక్కుకు అంటుకుంటుంది, సేటు కనబడినప్పుడు పైకి లాక్కుంటాం. వాన వదలడం లేదు. మెస్సులో పప్పులో కూడా బెల్లమే. పచ్చిపులుసు తిని ఎన్నాళ్లయిందో. ఇటు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చింతపండు, నువ్వు కొట్టిన కారం పంపు. ఎక్కువ వద్దు, నాలుగు రోజులు నాలుక బతికితే చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. లాక్‌డౌన్ సడలించాక నేను ఎలా వచ్చానో నీకు తెలుసు. కంట్రాక్టరు పంపిన బస్సులో సీట్లు నిండిపోతే నడుమ చెక్క బెంచీలు వేశారు. రెండు రోజులు ఆ బెంచీ మీద కూర్చుని, ఎవడో నా భుజం మీద చొంగ కార్చుకుంటూ నిద్రపోతే కదలకుండా వచ్చాను. నేను దిగిన పది రోజులకు సేటు నన్ను పిలిచాడు. దారం చుట్టిన కొత్త బీములు వచ్చి పడి ఉన్నాయి, వేల దారాలను ఒక్కొక్కటిగా దువ్వెన లాంటి పన్నె సందుల్లోంచి లాగి ఎక్కించే మనిషి లేడు, మగ్గాలు ఖాళీగా నిలబడ్డాయి. "తేరా భాయీ కహాఁ హై? ఉస్‌కో హవాయి జహాజ్ సే బులావ్," అన్నాడు. నీ తమ్ముడెక్కడ, వాణ్ని విమానంలో రప్పించు అని. ఆ సాయంత్రమే టికెట్టు తిరుపతి ఫోనుకు వచ్చేసింది.

అక్కా, నీ దగ్గర దాచడమెందుకు, నాకు ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్ల నుంచి ఆ సేటు మగ్గాలు నడుపుతున్నాను. ఈనాటికీ నేను ఆయనకు "ఏయ్ తెలుగు"నే. వాడు వచ్చింది నా వెనక, నా వేలు పట్టుకుని. వాడు మాత్రం ఆయన నోట కారీగర్, అంటే పనితనం ఉన్నవాడు, అయ్యాడు. నాయిన చేతి కొక్కెం కూడా వాడికే పోయింది కదా. చెక్క పిడి, జానెడు సన్నని ఉక్కు, చివర దారం పట్టే చిన్న గాటు, అంతే వస్తువు. కానీ నాయిన దాన్ని వాడి చేతిలో పెట్టినప్పుడు నా వేళ్లు చూసి, "నీయి గొడ్డలి పట్టే వేళ్లురా, గీ పని నీతోని కాదు," అన్నాడు. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

టికెట్టు వచ్చిన మరునాడు తిరుపతి ఫోను చేశాడు.

"అన్నా, ఇమానంల ఏం తేవచ్చు, ఏం తేవద్దు? నాకేం సమజయితలేదు. ఎవలనన్న జర అడుగు."

"అడుగుత తీరా. ఇప్పటిసంది ఆగం గాకు," అన్నాను.

మా పక్క గదిలో మధుకర్ అని ఒక మరాఠీ మనిషి ఉన్నాడు. ఇక్కడి విమానాశ్రయంలో సామాన్ల బండ్లు తోస్తాడు. ఆయనను అడిగితే వేళ్లు మడిచి మరీ చెప్పాడు. ఫోనులో ఆరోగ్యం యాప్ పచ్చగా కనబడాలట. టికెట్టు పత్రం ఇంటి దగ్గరే అచ్చు తీయించుకుని రావాలట. మాస్కు, మొహానికి అడ్డంగా ప్లాస్టిక్ రేకు. మూడు సీట్లలో నడిమి సీటు పడితే పైనుంచి కింది దాకా తెల్ల గౌను తొడుగుతారట. చేతిలో ఒక్క సంచే ఉండాలి. పచ్చడి గాని, కత్తెర గాని, కొస తేలిన వస్తువు ఏదైనా గాని పెద్ద సంచిలో వేసి ముందే వాళ్లకు అప్పగించాలి. చేతి సంచిలోనో జేబులోనో దొరికితే పోలీసులు తీసుకుని డబ్బాలో పడేస్తారు, మళ్లీ ఇవ్వరు. ఆ తరువాత గడప లాంటి మిషనులోంచి నడిపించి, చేతులు చాపమని మనిషిని నిలువునా తడిమి చూసి గాని వదలరట.

ఇన్ని కట్టుబాట్లు వింటే ఎవరైనా అమ్మో అనుకుంటారు. నాకు మాత్రం కుళ్లు ఇంకా పెరిగింది. నా బస్సుకు ఒక్క రూలు కూడా లేదు. నా జేబులో ఏముందో ఎవడికీ అక్కరలేదు. నుదురు చూసినవాడు లేడు, పక్కవాడు దగ్గుతుంటే వాణ్ని దింపినవాడు లేడు. మనిషి ప్రాణానికి వెల ఉంటేనే కదా సర్కారు ఇంత కాపలా కాసేది. నా తమ్ముణ్ని అంత జాగ్రత్తగా తడిమి, గౌను తొడిగి, ఆకాశంలో కూర్చోబెట్టి తెస్తారా అని ఆ రోజంతా మగ్గం దగ్గర పళ్లు కొరుక్కున్నాను. రెండు సార్లు దారం తెగినా చూసుకోలేదు, గజం బట్ట పాడైంది.

సాయంత్రం తిరుపతికి ఫోను చేసి మధుకర్ చెప్పినవన్నీ చెప్పాను. యాప్ గురించి చెప్పాను, పత్రం గురించి చెప్పాను, పచ్చడి పెద్ద సంచిలో వేయమన్నాను. అప్పుడు వాడు అడిగాడు.

"మరి నాయిన కొక్కెం?"

"అది జేబులనే పెట్టుకోరా. పెద్ద సంచులు గాడ ఏడ పడేస్తరో, దొరుకుతదో లేదో. నీ బువ్వ అది. ఒంటి మీదికెంచి తీయకు," అన్నాను.

ఈ మాట రాయడానికే, అక్కా, మూడు ఆదివారాల నుంచి కాగితం ముందేసుకుని లేస్తున్నాను. నేను మరిచిపోయి అలా చెప్పలేదు, తెలిసే చెప్పాను. మధుకర్ మాట నా చెవిలో ఇంకా తడిగానే ఉంది. వాణ్ని ఆ తడిమేచోట ఆపాలి, పదిమందిలో వాడి మొహం చిన్నబోవాలి, విమానం ఎక్కే సంతోషంలో కాస్త ఉప్పు పడాలి. నేను కోరుకున్నది అంతే. కొక్కెం పోతుందని ఆలోచించానా అంటే, ఆలోచించాను. పోతే పోనీ, నాకు రానిది వాడి దగ్గర మాత్రం ఎందుకు అని కూడా అనుకున్నాను.

వాడు దిగాల్సిన రోజు సగం పూట సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని విమానాశ్రయానికి వెళ్లాను. తమ్ముణ్ని తీసుకురావడానికి అని సేటుతో చెప్పాను. నిజానికి వాడి మొహం చూడటానికి వెళ్లాను. కరోనా రూలని లోపలికి రానివ్వలేదు, గేటుకు అవతల గీతల్లో నిలబడ్డాను. విమానం దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మొహాలకు ప్లాస్టిక్ రేకులు, కొందరికి ఆ తెల్ల గౌనులు. ఒక ముసలాయన గౌను తీసేయడం రాక అలాగే ఆటో ఎక్కాడు. అందరూ వెళ్లిపోయారు, తిరుపతి రాలేదు. ఫోను చేశాను.

"అన్నా, నేను ఎక్కలే," అన్నాడు.

"ఎక్కకపోవుడేంది?"

"జేబుల కొక్కెం చూసిండ్రు. గిది లోపలికి పోదన్నరు. ఇక్కడన్న ఇడిసిపెట్టు, బయటన్న ఎవలకన్న ఇచ్చి రా అన్నరు. నన్ను దించిన బావ అప్పటికే ఎల్లిపాయె. పెద్ద సంచి లోపలికి పోయింది. ఆ సార్ మంచోడే, నేనేం జేస్త తమ్మీ, రూల్ అన్నడు. డబ్బల ఎయ్యి అన్నడు. నాయిన కొక్కెం డబ్బల ఎట్లేస్తనే? చెయ్యి రాలే. గాడనే కూసున్న. ఇమానం పోయింది. నా సంచి దింపి ఇచ్చిండ్రు."

అక్కా, ఆ మాట విన్నప్పుడు నాకు ముందుగా బాధ కలగలేదు. కడుపు చల్లబడింది. వాడు కూడా ఎక్కలేదు అనుకున్నాను. ఫోనులో "అయ్యో, గిట్లెట్లాయెరా" అంటూనే ఉన్నాను. అక్కణ్నుంచి డుమస్ సముద్రపు ఒడ్డు దగ్గరే కదా అని నడుచుకుంటూ పోయాను. బండ్లు అప్పుడప్పుడే మళ్లీ పెడుతున్నారు. ఒక బండి దగ్గర నిలబడి వేడి వేడి టమాట భజియా తిన్నాను, సముద్రం చూశాను, ఇంకో ప్లేటు తిన్నాను. తమ్ముడు ఎక్కడో రోడ్డు మీద సంచి పట్టుకుని నిలబడి ఉంటే నాకు భజియా అంత రుచిగా ఉంది. ఇంత నీచం నాలో ఉందని నాకే తెలియదు.

వాడు దొరికిన రైలెక్కి నాలుగో రోజుకు వచ్చాడు. కళ్లు పీక్కుపోయాయి, జేబులో కొక్కెం ఉంది. సేటు ఎగిరిపడ్డాడు. "ఏక్ హుక్ కే లియే జహాజ్ ఛోడ్ దియా?" అని, ఒక్క కొక్కెం కోసం విమానం వదిలేశావా అని, అందరి ముందూ అరిచాడు. అప్పటికే ఆయన ఇంకో మనిషిని పెట్టుకున్నాడు, ఒడిశా వాడు, పనిమంతుడు. తిరుపతికి నా పక్కనే నాలుగు మగ్గాలు ఇచ్చారు. నీతో ఫోనులో "పని దొరికింది, మంచిగున్నం" అని చెప్పింది ఆ పనే. సేటు ఇప్పుడు వాణ్ని కూడా "ఏయ్ తెలుగు" అంటున్నాడు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. వాడు నాకు సమానమయ్యాడు. వాడి వేళ్లు మగ్గం మీద పనికి అలవాటు లేక రోజూ ఎక్కడో ఒకచోట కోసుకుపోతున్నాయి. కొక్కేనికి సాయంత్రం పూట కాస్త నూనె రాసి, గుడ్డలో చుట్టి, తలకింద పెట్టుకుంటాడు. పని లేని పనిముట్టుకు నూనె ఎందుకురా అని గదిలో వాళ్లు ఎగతాళి చేస్తారు.

ఇదంతా నేను ఎలాగో మింగేసేవాణ్ని. మొన్న తినేటప్పుడు వాడు మాటల్లో మాటగా ఒకటి అన్నాడు, అది మింగుడుపడటం లేదు.

"సంచి తీసుకునే కాడ ఒక పిల్ల అడిగిందన్నా, పదునైన సామాన్లేమన్న ఉంటే ఇందులనే ఎయ్యమని. గోడకు బొమ్మలు గూడ ఉండె, కత్తెర, చాకు. నేను నవ్విన. మా అన్న చెప్పిండు, నాకు తెల్సమ్మా అన్న."

గోడ మీద బొమ్మ ఉంది. అడగడానికి మనిషి ఉంది. అయినా వాడు నా మాటే నమ్మాడు. అలాగని ఆ మాట తప్పు పట్టి కూడా చెప్పలేదు. "పాపం నీకెట్ల తెలుస్తది, నువ్వు ఎన్నడన్న ఇమానం ఎక్కినవా," అని నా కంచంలో ఇంత కూర వేశాడు.

నిన్న ఇంకో సంగతి చెప్పాడు. నేను ఫోను చేయకముందే మరదలు పద్మ ఆ కొక్కేన్ని పాత చీరముక్కలో చుట్టి పెద్ద సంచి అడుగున సర్దిందట. నా ఫోను వచ్చాక వాడే విప్పి తీసి జేబులో పెట్టుకున్నాడట. పద్మ వద్దందట. "అన్నకంటె నీకెక్కువ తెల్సా?" అని ఆమె మీద కోప్పడ్డాడట.

అక్కా, నీకు చదువు రాదు. నా ఉత్తరాలు నీకు ఎప్పుడూ చదివి వినిపించేది తిరుపతి పెండ్లామే. ఇది ఆమె గొంతుతోనే నీ చెవిన పడుతుందని తెలిసే రాస్తున్నాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక తిరుపతికి చెబుతాను. ముందు వాడికి చెప్పి తరువాత రాద్దామనుకుంటే, నా సంగతి నాకు తెలుసు, రేపు రేపు అంటూ దసరా దాకా తోస్తాను. ఉత్తరం చేతినుంచి పోయిందంటే ఇక వారం రోజులే గడువు. ఆలోపు నేను చెప్పకపోతే పద్మ చెబుతుంది. వాడు కొడితే పడతాను. మాట్లాడటం మానేస్తే అదీ పడాలి, అది మాత్రం ఎలా పడాలో ఇంకా తెలియడం లేదు. సేటు దగ్గరికి కూడా వెళ్లి, తప్పు నాదని చెబుతాను. పాత పని తిరిగి ఇస్తాడని నమ్మకం లేదు. అయినా చెబుతాను.

ఇంతా రాశాక కూడా వాడంటే నాకు కుళ్లు పోయిందని అబద్ధం రాయలేను. రేపు సేటు మళ్లీ వాడికే టికెట్టు ఇచ్చినా నా కడుపు మండుతుంది. కానీ ఈసారి మధుకర్ చెప్పినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చెబుతాను, మండుతూనే చెబుతాను.

బావకు దండాలు. పిల్లలకు ముద్దులు. నువ్వు వేడినీళ్లే తాగు, సంతకు వెళ్తే మాస్కు మరిచిపోకు. దీవించమని అడగడానికి ఈసారి మొహం లేదు. నువ్వు తిట్టినా అది నాకు దీవెనే అనుకుంటాను.

పద్మా, నువ్వు చదవడం ఎక్కడో ఆపేసి ఉంటావు. ఆపకమ్మా, అక్కకు చివరి దాకా చదువు. నువ్వు సర్దిన చోటే సరైన చోటు. అది నాకు అప్పుడే తెలుసు.

నర్సయ్య