గతుకుకీ మలుపుకీ మధ్య

టీచరమ్మకి, బోలెడంత ప్రేమతో,

ఫోనులో "ఊ" తప్ప నా నోట్లోంచి మాట ఊడిపడదనీ, కనీసం కాగితం మీదైనా మాట్లాడమనీ నువ్వు పెట్టిన షరతుకి లొంగి ఇది రాస్తున్నాను. మెడ వంచి అదేపనిగా ఫోను చూస్తున్నావని మీ అక్క దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసిందట కదా. వదిన మంచి పని చేసింది. నేను మెచ్చుకున్నానని మాత్రం ఆవిడతో అనకు, రేపు కళ్లజోడు కూడా లాక్కుంటుంది.

ఇల్లు క్షేమం. కిటికీలో నువ్వు పెట్టిన మూడు మొక్కల్లో రెండు క్షేమం. మూడోదాని సంగతి నువ్వొచ్చాక ముఖాముఖి మాట్లాడుకుందాం. నిన్న దుకాణానికి ఒక పెద్దాయన వచ్చి పదిహేడు ఫ్రేములు పెట్టుకుని చూశాడు. చివరికి తను పెట్టుకొచ్చిన పాతదే బాగుందని తేల్చుకుని, నాకు థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

ఇంకో మూడు వారాల్లో నిన్ను ఇంటికి తీసుకురావచ్చని డాక్టరుగారు అన్నారట. వదిన ఆ మాట చెప్పగానే ఎగిరి గంతేశాను. వెంటనే గుండెల్లో రాయి పడింది. రెండున్నర గంటల దారి. వచ్చేది మన కారులోనే కదా! ఇక్కడ నీతో ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ రోజు నుంచీ అది గొంతుదాకా వస్తోంది, మింగేస్తున్నాను.

మూడేళ్ల క్రితం కారు వారం రోజులు షెడ్డులో ఉంది, గుర్తుందా? సర్వీసింగు అని చెప్పాను. అబద్ధం. కంపెనీ స్ప్రింగులు తీయించి పొట్టివీ గట్టివీ వేయించాను. ఆదివారం పొద్దున్నే కొండ రోడ్డు మీద మలుపులు తిప్పడమంటే నాకెంత పిచ్చో నీకు తెలుసు. ఆ స్ప్రింగులతో కారు రెండంగుళాలు కిందికి దిగింది. ఎంత మలుపైనా ఒరగకుండా నేలకు అతుక్కుని పోయేది. యాభై రెండేళ్లవాణ్ణి, పద్దెనిమిదేళ్ల కుర్రాడిలా మురిసిపోయాను. గతుకుల్లో మాత్రం రోడ్డు మీది ప్రతి రాయీ మన వెన్నులోకే వచ్చేది. "రోడ్లు ఎంత పాడైపోయాయండీ!" అనేదానివి. నేను సిగ్గు లేకుండా "అవును, మరీ పాడైపోయాయి" అనేవాణ్ణి.

నీ నడుం పట్టేసిన రోజు సాయంత్రం నిన్ను బడి దగ్గర ఎక్కించుకున్నాను. నూలు మిల్లు మలుపు దర్జాగా తిప్పాను. ఆ ఊపులోనే రైలు పట్టాల మీదికి ఎక్కించాను. కారు ధడేల్‌మంది. నువ్వు "అమ్మా" అన్నావు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు. ఎప్పుడూ మాట్లాడుతూ ఉండేదానివి అలా ఊరుకుంటే ఎంత భయమేస్తుందో నాకు అప్పుడు తెలిసింది. మర్నాడు ఏమైనా బరువు ఎత్తారా అని డాక్టరు అడిగితే, "లేదండీ, కారు కుదిపింది" అన్నావు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నీ నడుం విరిచింది పట్టాలు కాదు, నా సరదా. ఇది నోటితో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ స్ప్రింగులు పీకించేస్తున్నాను. మెత్తటివి వేయించి నిన్ను దూది మీద పెట్టినట్టు తీసుకొస్తాను. తిట్టాలనుంటే తిట్టు. కానీ పడుకునే తిట్టు, లేవకు.

నీ,
కళ్లజోళ్లవాడు

*

టీచరమ్మకి,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. కోపమో, వదిన కలం కూడా దాచేసిందో తెలియదు. ఏదైనా సరే, జరిగింది చెప్పకుండా ఉండలేను.

మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఈయన్ని అందరూ "మెల్లగా" అని పిలుస్తారు. బోల్టు విప్పుతున్నా, టీ తాగుతున్నా, ఎవరైనా హారన్ కొట్టినా "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉంటాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని వడ్రంగిలా ఉంటాడు. షెడ్డు నిండా గోడకు వేలాడే స్ప్రింగులే. నేను లోపలికి వెళ్లి, నా సంగతంతా ఏకరువు పెట్టి, "మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మెత్తటివి వేసేయండి" అన్నాను.

"మెల్లగా సార్," అన్నాడు. "మీ కారులో మీరెప్పుడైనా పక్క సీట్లో కూర్చున్నారా?"

ఆలోచించాను. కారు కొని ఎనిమిదేళ్లయింది. ఒక్కసారి కూడా కూర్చోలేదు!

"కూర్చోండి. నేను తోల్తా."

వెళ్లాం. నేను రోజూ వెళ్లే దారే. కానీ అది వేరే ఊరిలా అనిపించింది. తోలేటప్పుడు చేతిలో స్టీరింగ్ ఉంటుంది, గతుకూ మలుపూ ఎప్పుడొస్తాయో ముందే తెలుస్తాయి, ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకి ఆ భాగ్యం లేదు. చిన్న గుంటకి దవడలు టపాటపా కొట్టుకున్నాయి. అదీగాక, గుంట దాటాక కూడా కారు మూడు నాలుగుసార్లు ఎగురుతూనే ఉంది. నువ్వు మూడేళ్లు ఈ సీట్లో కూర్చుని రోడ్లను తిట్టావన్నమాట.

షెడ్డుకి తిరిగొచ్చాక ఆయన కారు కిందికి దూరి లైటు వేసి చూపించాడు. "స్ప్రింగు పని బరువు మొయ్యడం సార్. అది ఒకసారి ఎగిరితే ఎగురుతూనే ఉంటది. దాన్ని పట్టి ఆపేది ఈ గొట్టం, షాక్ అబ్జార్బరు. మీరు స్ప్రింగులు గట్టివి వేయించి షాకులు పాతవే ఉంచారు. ఇవి దాన్ని ఆపలేక ఆపలేక అరిగిపోయినై. ఎద్దుని చంటిపిల్లాడి చేతికిచ్చినట్టు చేశారు."

పక్కనే ఇంకో కారు ఉంది, దానికి బాగా మెత్తటి స్ప్రింగులు వేశాడట. అందులోనూ తిప్పాడు. ఆహా! గుంటలు వచ్చినట్టే తెలియలేదు. ఊయలే అనుకో. మలుపులో మాత్రం తలుపు మీదికి ఒరిగిపోయాను.

"ఇది బాగుందా, ఇందాకటిదా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పాతికేళ్లుగా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి నేను అడిగే ప్రశ్న అది. రెండూ చూసి తేల్చుకోలేక నీళ్లు నమిలే వాళ్ల మీద ఎంత విసుక్కున్నానో!

"ఇంకో రకం ఉంది సార్," అన్నాడాయన. "స్ప్రింగు కంపెనీదానికంటే కొంచెమే గట్టి. కారు ఎత్తు తగ్గదు. షాకులేమో మంచివి, మర తిప్పి బిగువు మార్చుకోవచ్చు. గతుకూ దాటుద్ది, మలుపూ తిరుగుద్ది. నా మాట వినండి."

నేను వినలేదు. మలుపుల మాట ఎత్తొద్దన్నాను. ఊయల లాంటివే కావాలని చెప్పేశాను. సామాను రావడానికి పది రోజులు పడుతుందట. ఆదివారం జట్టుకి కూడా చెప్పేశాను, ఇక కొండ రోడ్డుకి రానని. బాధేం లేదు. అబద్ధమెందుకు, కొంచెం ఉంది. పొద్దున్నే లేచి, తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్లీ కొక్కేనికి తగిలించి, ఇల్లు తుడిచాను. ఇల్లు మాత్రం అద్దంలా ఉంది.

నీ,
కళ్లజోళ్లవాడు

*

శ్రీవారికి,

మీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి అందాయి. మీ వదినగారు కలమేమీ దాచలేదు. తపాలా వాళ్లు మీ మెకానిక్‌లాగా మెల్లగా పని చేశారు, అంతే. కొరియరు మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఇది రాస్తున్నాను. అందుకే ముందు చెప్పాల్సింది ముందు చెప్పాలి: ఆ మెత్తటి స్ప్రింగులు వేయించొద్దు! ఇప్పుడే ఆయనకి ఫోను చేసి ఆపండి. చేశారా? ఇక మిగతాది చదవండి.

ఆసుపత్రి నుంచి బావగారి పెద్ద కారులో ఇక్కడికి వచ్చాను కదా. అదీ మీరు చెప్పే ఊయలే. రెండో మలుపుకి కడుపులో తిప్పింది, నాలుగో మలుపుకి ఆపించాను. ఆ తర్వాత జరిగింది రాయను. మీకు ఇంతకాలం తెలియని సంగతి ఏమిటంటే, నాకు చిన్నప్పటి నుంచీ ఒరిగే బండి పడదు. మన కారులో ఒక్కసారైనా నాకు వాంతి అయిందా? ఆ మూడో రకం చెప్పిన మెకానిక్‌గారికి నా తరఫున నమస్కారం పెట్టండి. లెక్కల టీచర్ని కాబట్టి చెబుతున్నాను, మెత్తగా ఉండటం వేరు, కుదురుగా ఉండటం వేరు. నా నడుముకి కావలసింది రెండోది.

ఇప్పుడు అసలు సంగతి. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. కొరియరు మనిషి మంచినీళ్లు తాగుతున్నాడు.

ఆ రోజు పొద్దున మా బడిలో ఆటల పోటీలు. పిల్లలవి అయ్యాక టీచర్లకీ ఆఫీసువాళ్లకీ తాడు లాగుడు పెట్టారు. నడుం జాగ్రత్త, బరువులు ఎత్తనని ఒట్టు వెయ్యి అని అంతకు ముందు ఏడాది మీరు నాతో ఒట్టు వేయించుకున్నారు. తాడు బరువు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పైగా తాడు చివర నడుముకి చుట్టుకుని నిలబడే మనిషిని నేనే. గెలిచాం కూడా! పిల్లలు నన్ను చూసి ఈలలు వేశారు. ఆ ఈలల మధ్యలోనే నడుములో కటుక్కుమంది. మధ్యాహ్నం మూడు పీరియడ్లు బల్లకు ఆనుకునే పాఠం చెప్పాను. సాయంత్రం కారు ఎక్కేటప్పటికే ఎలా కూర్చోవాలో తెలియడం లేదు. మీతో ఏం చెప్పాలా అని కొట్టుకుంటుంటే పట్టాలు వచ్చాయి. అమ్మయ్య అనుకుని "అమ్మా" అన్నాను. దొరికిన సాకుని వదలబుద్ధి కాలేదు. డాక్టరు దగ్గర ఆ మాట అన్నదీ మీ తిట్లు తప్పించుకోవడానికే.

మీరు ఆ మాటని ఆరు వారాలుగా ఒంటరిగా మోస్తున్నారని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆసుపత్రి మంచం మీదే చెప్పేసేదాన్ని. నేను తేలిగ్గా చెప్పిన అబద్ధం మీ ఆదివారాల్ని మింగేసింది. నిన్న మీ ఉత్తరం చదివి, పక్కకి తిరిగి చాలాసేపు ఏడ్చాను. డాక్టరుగారు వస్తే నిజం చెప్పేశాను. "అది ఏళ్ల తరబడి అరుగుతూ వచ్చిందమ్మా. తాడు మీదా పట్టాల మీదా తోసేసి లాభం లేదు" అని నవ్వారు. కాబట్టి మీదీ తప్పు కాదు. నాదీ కాదనుకోండి, కానీ ఒట్టు తప్పింది మాత్రం నేనే.

ఇంకొకటి. ఆ వారం సర్వీసింగు కాదని నాకప్పుడే తెలుసు. కారు ఎక్కాలంటే అంతకు ముందుకంటే ఎక్కువ వంగాల్సి వచ్చేది. లెక్కలు చెప్పేదాన్ని, రెండంగుళాలు తెలియవా? మీరు మలుపు తిప్పుతూ ఓరగా నావైపు చూసి మురిసిపోతుంటే చూడముచ్చటగా ఉండి ఊరుకున్నాను.

జట్టుకి వస్తున్నానని చెప్పండి.

ఒట్టు తప్పిన,
మీ టీచరమ్మ

*

టీచరమ్మకి,

దీన్ని తపాలాలో వేయడం లేదు, నేనే తెచ్చి నీ చేతికిస్తాను. కారు కదిలాక మాత్రమే విప్పాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

నీ ఉత్తరం అందేసరికి దుకాణంలో ఒకాయన కంటి పరీక్షకి కూర్చుని ఉన్నాడు. చదివాక నాకు ముందు ఒళ్లు మండింది. తాడా! నడుముకి చుట్టుకుని మరీనా! ఆయన్ని అక్షరాలు చదవమని చెప్పి, గోడవైపు తిరిగి పళ్లు నూరుకున్నాను. ఆయన పై వరుస చదివాడు, కింది వరుస చదివాడు, మళ్లీ పై వరుసకి వెళ్లాడు. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఈలలు వేస్తున్న పిల్లల మధ్య కొంగు బిగించి నిలబడ్డ నువ్వు కళ్లముందుకొచ్చావు. నవ్వు మొదలైంది, ఇక ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటుంటే ఆయన కంగారుపడి, "ఏమైందండీ?" అన్నాడు.

"మా ఆవిడ తాడు లాగుడులో గెలిచిందండీ," అన్నాను.

"మంచిదే కదా!" అన్నాడు.

నిజంగా మంచిదే. ఆరు వారాల తర్వాత కడుపు నిండా తిన్నాను ఆ రోజు.

మెల్లగాగారు మూడో రకమే బిగించాడు. సామాను మార్చమంటే చెవి మీది పెన్సిలు తీసి కాగితం మీద పాత వరుస కొట్టేశాడు. వంకర పోకుండా చక్రాలు సరిచేశాడు. మూడు రోజులు ఖాళీగా తిప్పమన్నాడు, కొత్త స్ప్రింగులు కుదురుకోవాలట. తోలేది ఆయనా, పక్క సీట్లో నేను. "ఇది బాగుందా, ఇందాకటిదా?" అంటూ మర తిప్పుతూ పోయాడు. వెనకవి రెండు మెట్లు వదులు చేశాక పట్టాలు దాటాం. కారు ఒక్కసారి కిందికి వెళ్లింది, పైకొచ్చింది, ఆగిపోయింది. మళ్లీ ఎగరలేదు. నూలు మిల్లు మలుపులో నా భుజం తలుపుకి తగల్లేదు. "అంతే సార్, ముట్టుకోకండిక," అన్నాడు.

ఆదివారం జట్టుతో కొండ రోడ్డుకి వెళ్లొచ్చాను. జట్టువాళ్లకంటే చాలా వెనకబడ్డాను. పాత స్ప్రింగుల దూకుడు దీనికి లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు ఎందుకు కారులోనే చదవమన్నానో చెబుతాను. ఒరిగే బండి పడదన్నావు, అలాంటి దాంట్లో నాలుగు వరుసలు చదివినా నీకు తల తిరగాలి కదా. నువ్వు ఈ ఉత్తరం విప్పేసరికి వదినావాళ్ల వీధి దాటేసి ఉంటాం. ఇంత దాకా చదవగలిగావంటే గతుకుల రోడ్డూ వంతెన దగ్గర రెండు మలుపులూ దాటిపోయాయన్నమాట. అక్షరాలు ఎగరలేదు కదా? కడుపులో తిప్పలేదు కదా? అయితే కాగితం మడిచి, ఆ ఒట్టు సంగతి తీరిగ్గా మొదలుపెట్టు. నాకూ చెప్పాల్సింది చాలా ఉంది. ఈసారి "ఊ" అని ఊరుకోను.

నీ పక్క సీటులోని,
కళ్లజోళ్లవాడు