మ్యాచ్ రోజు మందకాడ

ఉదయగిరి,
17 నవంబరు 2025.

చిరంజీవి అంకారావుకు, ఉదయగిరి నుంచి రామనారాయణ మామ దీవించి రాయునది. ఇక్కడ నా మోకాళ్లు తప్ప తక్కినవన్నీ క్షేమం. సీతారామపురంలో నువ్వు, మీ అమ్మ దేవకమ్మక్క, నీ భార్య రమణి, పిల్లలు, మంద అందరూ బాగున్నారని తలుస్తాను. మొన్నటి వానకు మీ వైపు చెరువుల్లోకి కాస్త నీళ్లొచ్చాయని బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను, సంతోషం.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా, గొర్రెలకాడ ఉండా మామా, మళ్లా మాట్లాడతా అంటావు. ఆ మళ్లా ఇంతవరకు రాలేదు. నిన్ను తప్పుపట్టడం లేదు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కదా, నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టడమే నాకు సులువు.

సంగతేమిటంటే, నీ కూతురు జయశ్రీ ఫారం ఈ కవరులో మళ్లీ పెడుతున్నాను. జిల్లా బాలికల సెలక్షన్‌కు మన దుర్గం ఫుట్‌బాల్ క్లబ్ తరఫున వెళ్లాలంటే తండ్రి సంతకం ఉండాలి. పోయిన వారం నువ్వు దాన్ని సంతకం లేకుండానే తిప్పి పంపావు. ఆట మన ఇంటికి అచ్చిరాదు, ఆ తాతకు చెప్పు అన్నావట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు పిల్ల ఏడవలేదు గానీ, తల ఎత్తకుండా బూటు లేసు విప్పడం, మళ్లీ కట్టడం, అదే పని చేస్తూ కూర్చుంది. గడువు ఈ నెల ఇరవై తొమ్మిది.

నాకు ఓపిక తగ్గిపోయిందిరా. క్లబ్ పెట్టి ముప్పై ఏళ్లయిందని కుర్రవాళ్లు గ్రౌండు దగ్గర పెద్ద బోర్డు రాయిస్తున్నారు. క్లబ్‌లో చేరిన మేటి ఆటగాళ్లు అని పైన ఉంటుందట, కింద పేర్లు నన్ను రాసిమ్మన్నారు. బంతికి గాలి కొట్టించుకు రమ్మంటే కనిపించకుండా పోయినవాళ్లంతా ఇప్పుడు బోర్డు దగ్గరకు వస్తున్నారు. చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు, ఒక్కొక్కడు చెప్పే గోల్స్ వింటుంటే మనం ఇన్నేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదేమో అనిపిస్తుంది. నాలుగు రోజులు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి చివరికి మూడు పేర్లు మిగిల్చాను. ఇంకా ఎవరికీ చూపించలేదు.

మొదటి పేరు సోమశిల రోశయ్యది. నువ్వు వచ్చేనాటికి వాడి మోకాలు పోయింది కాబట్టి నీకు అంతగా తెలియదు. డ్యామ్ కింద ఊరు మునిగి, రిజర్వాయరు గట్టున చేపలు పట్టుకుని బతికే ఇల్లు వాళ్లది. గోల్‌లో నిలబడితే బంతి వాడి చేతిలోకి వచ్చి కూర్చునేది. మన క్లబ్బుకు ఇచ్చుకునేందుకు ఏమీ లేదు, అందుకని వచ్చే ప్రతివాడూ ఏదో ఒక షరతు పెట్టి వచ్చేవాడు, నేను తలూపేవాణ్ణి. పొద్దుగూకేతలికి నేను వలకాడ ఉండాల, అది ఒప్పుకుంటే వస్తా అన్నాడు రోశయ్య. ఆత్మకూరులో ఒకసారి మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది. ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉండగా గ్లౌజులు తీసి నా చేతిలో పెట్టి, బస్సొచ్చినాదన్నా అని పరిగెత్తాడు. ఆ పదిహేను నిమిషాల్లో మనం మూడు గోల్స్ తిన్నాం. అయినా వాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎందుకంటే మన గోల్‌పోస్టులకు కట్టిన వలలు కూడా వాడు తెచ్చిచ్చిన పాత చేపల వలలే.

రెండో పేరు వరప్రసాదం. నీతో పాటు ఆడాడు కాబట్టి వాడి గురించి నేను చెప్పక్కర్లేదు. ఆత్మకూరు బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదేవాడు. పెళ్లి ఉన్న రోజున కూడా మ్యాచ్‌కు రావాల్సిందే అని వాళ్ల ఊరి టీం పట్టుబట్టిందని అలిగి మన దగ్గరకు వచ్చాడు. అప్పటినుంచి మనం ముందు పంచాంగంలో ముహూర్తాలు చూసి, తర్వాత మ్యాచ్‌లు పెట్టుకునేవాళ్లం. జిల్లాలో ఇంకే క్లబ్బూ ఆ పని చేసి ఉండదు. జలదంకి వాళ్లతో మ్యాచ్‌కు పెళ్లి పందిట్లో నుంచి నేరుగా వచ్చి, జరీ అంచుల ఎర్రకోటు విప్పే తీరిక లేక దాంతోనే సగం ఆట ఆడాడే, గుర్తుందా? రెఫరీ నవ్వు ఆపుకోలేక విజిల్ ఊదలేకపోయాడు.

మూడో పేరు నీది.

నీ మంద గ్రౌండు పక్కగా పోతుంటే బంతి వచ్చి గొర్రెల మధ్యలో పడింది. నువ్వు చెప్పుల్లేని కాలితో దాన్ని అంత దూరాన ఉన్న గోల్‌కీపరు చేతుల్లోకి పంపించావు. ఆ సాయంత్రమే మీ నాయన దగ్గరకు వచ్చాను. ప్రాక్టీసు గీక్టీసు కుదరదు, మ్యాచ్ రోజు మాత్రం పంపిస్తా, అయితే పిల్చుకపోయేవోడివి నువ్వు గదా, ఆ రోజు మందకాడ నువ్వే ఉండు, ఇంగొకర్ని పంపితే ఒప్పుకోను అన్నాడు బావ. ఒప్పుకున్నాను. మూడేళ్లపాటు మన క్లబ్ ఆడిన ప్రతి మ్యాచ్ రోజూ నేను భుజాన కంబళి వేసుకుని మీ గొర్రెల వెనక తిరిగాను. లైబ్రరీలో నాకు పుస్తకాల నంబర్లు తెలిసినట్టు, చివరికి మీ గొర్రెల ముఖాలు తెలిశాయి. ఏది గట్టు దూకుతుందో, ఏది పిల్లను వదిలిపెట్టి పోతుందో చెప్పగలిగేవాణ్ణి. సాయంత్రం ఆటగాళ్లు వచ్చి నువ్వు ఎలా ఆడావో చెబితే వినేవాణ్ణి. తన మేటి ఆటగాడి ఆట ఒక్కటీ చూడని కార్యదర్శి అని ఇప్పటికీ సభల్లో నన్ను పరిచయం చేస్తారు, అందరూ చప్పట్లు కొడతారు.

నువ్వు ఆడిన ఆఖరి మ్యాచ్, ఆ ఫైనల్ గురించి కూడా రాయమని కుర్రవాళ్లు వెంటపడుతున్నారు. ఆత్మకూరు మీద ఒకటి సున్నా, వల చిరిగేలా నువ్వు కొట్టిన గోల్. చూడనిది ఎలా రాస్తాను, చూసినవాళ్లను అడగండి అని పంపించేశాను.

ఆ రోజు సంగతి నీకు నేను చెప్పాలా. 2005 మే నెల. ఆ ఏడు మీ మంద గండిపాళెం దారిలో చేలల్లో ఉంది. ఏప్రిల్‌లో పడ్డ ఒక్క వానకు, కోసేసిన జొన్న మోళ్లకు మళ్లీ పిలకలొచ్చి ఎండకు వాడిపోయి ఉన్నాయి. ఆ విషపు పిలకలు, ఆ నాము తింటే గొర్రె బతకదని మీ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీరు కప్పు పట్టుకుని వచ్చేసరికి పదిహేడు గొర్రెలు పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. బెల్లం నీళ్లు పోశాం, ఒక్కటీ నిలవలేదు. ఆ చేలో నాము ఉందని నాకు తెలియదు బావా అన్నాను నేను. నేనే మరిచినా నాయనా, మామకు చెప్పలా అన్నావు నువ్వు. మీ నాయన నా మీద కేక కూడా వెయ్యలేదు. పని తెలియని మనిషి చేతిలో మందను పెట్టిపోయినోడిదే తప్పు, ఆటగాడికి మందెందుకురా, మంద ఉండేవోడికి ఆటెందుకురా అని నిన్నే అన్నాడు. ఇంక గ్రౌండు తొక్కనని నువ్వు అక్కడే ఒట్టు పెట్టావు. ఆ రోజే నెల్లూరు నుంచి వచ్చిన సెలక్టర్లు నీ పేరు రాసుకుపోయారు. వాళ్ల ఉత్తరం నేనే తెచ్చిస్తే, విప్పకుండా దాన్ని నా చేతికే ఇచ్చేశావు.

ఆరేళ్ల కిందట మీ నాయన పోయినప్పుడు వచ్చి, మీ వాకిట్లో ఒక గంట కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వచ్చేశాను. నువ్వు టీ తెచ్చిచ్చావు, తాగాను.

ఇప్పుడు జయశ్రీ. ఆ పిల్లను నేను వెతికి తెచ్చుకోలేదు, నీ మీద ఒట్టు. ఇక్కడి హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది కదా, వాళ్ల ఆటల టీచరు ప్రసన్నకుమారి సాయంత్రాలు అమ్మాయిల్ని మన గ్రౌండుకు తీసుకొస్తుంది. ఒకరోజు పిల్ల తనంతట తానే నా దగ్గరకు వచ్చి, తాతా, క్లబ్‌లో చేరేదానికి ఫారం ఉండాదా అని అడిగింది. ఆడపిల్లల పేర్లు మన రిజిస్టర్లో ఇంతవరకు లేవమ్మా అంటే, అయితే ఇప్పుడు రాయి అంది. ఎవరి పిల్లవని అడిగితే నీ పేరు చెప్పింది. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను, ఇలాంటి పిల్ల మళ్లీ రాదు అని ప్రసన్నకుమారి అంటోంది. అచ్చం అంకారావే అని పాతవాళ్లు అంటున్నారు. నేను పోల్చి చెప్పలేను కదా.

ఆట అచ్చిరాదని నువ్వు అనుకోవడంలో అర్థముంది. పదిహేడు గొర్రెలు చేతుల్లో చచ్చిపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ పిల్లకు ఆ బరువు ఎందుకు? రోశయ్యకు షరతు పెట్టుకున్నాం, వరప్రసాదానికి పెట్టుకున్నాం, నీకూ ఏం కావాలో చెప్పు, ప్రసన్నకుమారి చేత ఒప్పిస్తాను. సంతకం పెట్టి పంపు నాయనా. ఇన్నేళ్లలో నిన్ను ఏదీ అడగలేదు, ఇదొక్కటే అడుగుతున్నాను. దేవకమ్మక్కకు నమస్కారాలు, రమణికి, చిన్నవాడికి ఆశీస్సులు.

ఇట్లు,
నీ మామ,
రామనారాయణ.

తా.క. కవరు అంటించి రెండు రోజులు బల్ల మీదే ఉంచుకున్నాను. పోస్టులో వెయ్యబుద్ధి కాలేదు. ఈ రోజు మళ్లీ చించాను. పైన ఒక అబద్ధం ఉంది. ఇరవై ఏళ్లుగా చెప్పీ చెప్పీ చేతికి అలవాటైపోయి, ఆగకుండా రాసేసింది.

ఆ గోల్ నేను చూశాను. నువ్వు వల చిరిగేలా కొట్టలేదు. ఇద్దరిని దాటి వచ్చి, గోల్‌కీపరు మీదికి రాగానే ఆగిపోయావు. గ్రౌండంతా కొట్టు కొట్టు అని అరుస్తుంటే నువ్వు కొట్టకుండా నిలబడ్డావు. వాడు పడిపోయాక బంతిని మెల్లగా పక్కకు తోశావు. వాటర్ ట్యాంకు వెనక నిలబడి చూశాను, చూసి ఏడ్చాను.

మూడేళ్లలో ఒక్కసారైనా చూడాలనిపించింది. నాలుగున్నరకు గొర్రెలు ఎండకు తలలు ఒకదాని కిందికి ఒకటి దూర్చి నిలబడి ఉన్నాయి. గంటసేపు కదలవులే అనుకుని సైకిలెక్కాను. ఐదింటికి మబ్బు పట్టింది. చల్లబడితే మంద లేస్తుందని నాకు తెలుసు, తెలిసీ ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అని నిలబడ్డాను. తిరిగి వెళ్లేసరికి మంద జొన్న చేలో ఉంది.

నాము సంగతి నువ్వు చెప్పడం మరవలేదు. ఆ పొద్దున నన్ను గట్టు దాకా తీసుకుపోయి, ఇటు మాత్రం తోలబాక మామా అని వేలు పెట్టి చూపించావు. అది నీకూ గుర్తుంది. పెద్దవాడు మరిచిపోయి ఉంటాడు, పదిమందిలో తలదించుకోకూడదని నీ మీద వేసుకున్నావు. నేను మరవలేదు అంకారావ్. నేను అక్కడ లేను. పని తెలియని మనిషి చేతిలో నువ్వు మందను పెట్టలేదు, పని బాగా తెలిసిన మనిషే వదిలేసిపోయాడు. మీ నాయనకు ఈ మాట చెప్పాలని ఆ రోజు మీ వాకిట్లో కూర్చున్నాను, అప్పటికే ఆయన లేడు.

ఆదివారం మొదటి బస్సుకు వచ్చి దేవకమ్మక్కకు ఇది నేనే చెబుతాను. నన్ను చూడబుద్ధి కాకపోతే నువ్వు మంద తోలుకుని వెళ్లిపో, నేను ఏమీ అనుకోను. ఫారం కింద క్లబ్ తరఫున ఉన్న సంతకం చూడు, ప్రసన్నకుమారిది. నిన్ననే కమిటీకి రాజీనామా ఇచ్చేశాను, అమ్మాయిల టీం ఇక ఆమెదే. నీ బిడ్డను నా చేతిలో పెట్టమని అడగడం లేదు.