నా బల్లకి రాని వైరు

చోడవరం,
శుక్రవారం.

అన్నయ్యకి,

నీ చెల్లెలు గౌతమి నమస్కారాలు. ఇక్కడ అమ్మా, నేనూ, పెయ్యదూడా ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని బాలు చెప్పాడు. కాస్త చిక్కావని కూడా అన్నాడు గానీ, ఆ రెండో మాట అమ్మ చెవిన పడనివ్వలేదు. పడితే ఆవిడ బాలు బండే ఎక్కి కోరాపుట్ కొండల్లోకి వచ్చేస్తుంది, నీకు తెలుసుగా.

నీ చీటీ అందింది. మీ పైపుల బండి తోలుకుంటూ చీడికాడలో వాళ్ళింటికి పోతూ, దారిలో మనింటి ముందు ఆపి ఇచ్చాడు బాలు. అమ్మ చేతి కాఫీ తాగి మరీ వెళ్ళాడు. ఆదివారం మళ్ళీ మీ దగ్గరికి బయల్దేరతాడట, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. సిగ్నల్ లేని ఊళ్ళకి సిగ్నల్ రావాలని నువ్వు అక్కడ కేబుల్ వేస్తున్నావు, నీకు ఒక ముక్క చెప్పాలంటే నేను ఇక్కడ కాగితం ముందు కూర్చోవలసి వచ్చింది. ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే నేను నోరు విప్పేలోపే సర్లే ఉంటానని పెట్టేసేవాడివి.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ మోకాలు అలాగే ఉంది. కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు, ఈవిడ పీట వదలదు. కుర్చీలో కూర్చుని కూర తరిగితే రుచి రాదట. దూడ కుడితి బాగానే తాగుతోంది. మొన్న పలుపు తెంపుకుని పోయి పక్కింటి సన్యాసమ్మ గారి బచ్చలి పాదు మొత్తం మేసి వచ్చింది. ఆవిడ గోడ మీంచి మన ఏడు తరాలనీ తలుచుకుంది. తుఫాను గాలికి చెరకు పడిపోయిందా అని అడిగావు. తూర్పు గట్టు పక్కన రెండు వరసలు ఒరిగాయంతే. నువ్వు వెళ్ళేముందు ఆకులు మెలేసి జడచుట్టు వేసిన గెడలన్నీ నిలబడే ఉన్నాయి. అమ్మ వాటిని వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చూపించి మురిసిపోతోంది.

ఇక చీటీ చివర నువ్వు అడిగిన మాట. "కాలేజీ కంప్యూటర్లు బాగయ్యేయా? నా వైర్లలో ఏటి తప్పో తెలిస్తే రాయే. ఈపాలి ఆ తప్పు సెయ్యను." అది చదివి నేను వంటింట్లోకి పోయి గోడకేసి తిరిగి నిలబడ్డాను. అక్కడ నువ్వు వేసిన అతుకునే విప్పి మళ్ళీ వేస్తున్నావనీ, మేస్త్రీ కసురుకుంటున్నాడనీ, సత్తిబాబుకి తన చేతుల మీద తనకే నమ్మకం పోయిందని జట్టులో నవ్వుకుంటున్నారనీ బాలు చెప్పాడు. అతను నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

అన్నయ్యా, నీ వైర్లలో ఏ తప్పూ లేదు. ముందు ఆ ముక్క రాసేశాను, మిగతాది చదవకపోయినా సరే. తప్పు ఎక్కడుందో చెప్పడానికి నాకు కాస్త ధైర్యం కూడదీసుకోవాలి.

ఆ శనివారం మా ల్యాబులో జరిగింది నీకు సగమే తెలుసు. అరవై కంప్యూటర్లలో పాత విండోస్ తీసేసి కొత్తది వేయాలి. ఒక్కొక్కదానికీ విడివిడిగా వేస్తే వారం పడుతుంది. అందుకని సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీద అన్నిటికీ ఒకేసారి పంపుతాం. దాన్ని మల్టీకాస్ట్ అంటారు. మన హైస్కూల్లో డిక్టేషన్ లాంటిదే అనుకో. మేష్టారు ఒక్కసారి చదువుతారు, క్లాసంతా రాసుకుంటుంది. ఒక్కడు వెనకబడి మళ్ళీ చెప్పండి సార్ అన్నాడంటే, మిగతా అందరూ కలాలు పైకెత్తి ఆగాల్సిందే. ఏడో తరగతి తప్పి నువ్వు నా క్లాసులోకి వచ్చిన ఏడాది ఆ ఒక్కడివీ నువ్వే. సత్తిబాబు రాసేదాకా ఆగండర్రా అని మేష్టారు అంటే, నేను తల పుస్తకంలో దూర్చేసేదాన్ని. నా నామోషీ కొత్తది కాదు, అప్పటినుంచీ ఉన్నదే.

గంటలో అయిపోవలసిన పని సాయంత్రమైనా పావు వంతు కాలేదు. సోమవారం పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష. ప్రిన్సిపాల్ వేంకటరమణమూర్తి గారు వచ్చి, గుమ్మంలో నిలబడి, ఏమిటమ్మా ఇది అన్నారు. ఇలాంటప్పుడు చేయాల్సిన పని నాకు తెలుసు. సర్వర్ చూడాలి, వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ చూడాలి, మెషిన్లు ఒక్కొక్కటీ పక్కకి తీసి వెనక్కి లాగుతున్నది ఏదో పట్టుకోవాలి. అందుకే నాకు జీతం ఇస్తున్నారు. అవేమీ చేయలేదు. గాభరాలో నోటికొచ్చింది అనేశాను.

"కేబులింగ్ బాగాలేదేమో సార్. లోకల్ వాళ్ళు వేసింది."

లోకల్ వాళ్ళట! ఒకే కంచంలో తిని పెరిగిన అన్నని లోకల్ వాళ్ళు అన్నాను. నాలుక ఎలా తిరిగిందో నాకే తెలీదు.

నువ్వప్పుడు పైన లైబ్రరీకి వైర్లు లాగుతున్నావు. పిలిపించారు. మనిద్దరం అన్నాచెల్లెళ్ళమని కాలేజీలో ఎవరికీ తెలీదు, తెలియనివ్వద్దని నేనే నీ దగ్గర మాట తీసుకున్నాను కదా. మా వాళ్ళకి పని ఇప్పించుకున్నానని అంటారు అన్నయ్యా అని పైకి కారణం చెప్పాను. నువ్వు నమ్మావు. అసలు కారణం అది కాదు. తల నిండా సున్నం, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, చెవి మీద పెన్సిలు. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే రేవతి నిన్ను చూసి ముక్కు చిట్లించింది. ఆవిడ మొహం చూసి నేను అన్నని దాచుకున్నాను. నువ్వేమో అదంతా ఆటలా తీసుకుని, అలాగేలే, అక్కడ నిన్ను మేడమ్ అంటానని నవ్వావు.

ఆ రోజు అలాగే అన్నావు. ప్రిన్సిపాల్ గారు అంతమందిలో నిన్ను కేకలేస్తుంటే తల వంచుకుని విన్నావు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు, చూస్తే మాట తప్పినట్టవుతుందని కాబోలు.

"మేడమ్ గారు సెప్పేరంటే అదే అయ్యుంటాది సార్. ఎక్కడ పొరపాటు సేసేనో నేను సూసుకుంటాను."

నేను పరీక్ష చేసి చూసే చెప్పానని అనుకున్నావు నువ్వు. చదువుకున్న చెల్లెలు ఊరికే అంటుందా అనుకున్నావు. ఆ సాయంత్రమే లైబ్రరీ పని నీ చేతిలోంచి తీసేశారు. ఇంటికొచ్చి అమ్మతో ఒరిస్సాలో మంచి పని దొరికిందని చెప్పి బట్టలు సర్దుకోవడం మొదలెట్టావు.

మర్నాడు విశాఖపట్నం నుంచి ఉదయభాస్కర్ అని ఒకాయన మీటరు పట్టుకుని వచ్చాడు. నీ వైర్లు అరవై చివరలూ పరీక్ష చేశాడు, అన్నీ బాగున్నాయి. పైకప్పు పలకలు తీసి చూస్తే వైర్ల కట్టలు కనబడ్డాయి. ప్లాస్టిక్ ట్యాగులు అయిపోయాయని గుడ్డపేలికలు మెలేసి కట్టావు చూడు, చెరక్కి వేసినట్టు, ఆ కట్టలు. ఇవి ఎవరు కట్టారండీ, ఒక్క వైరు కూడా నలగలేదు అన్నాడాయన. నాకు తెలీదండీ అన్నాను. నీ కట్టు నేను గుర్తుపట్టకపోవడమా! చిన్నప్పటినుంచీ నీ వెనకాల ఆకులు అందిస్తూ చూసిన కట్టు.

ఆయన టీకి వెళ్ళినప్పుడు సర్వర్ స్క్రీన్ మీద కంప్యూటర్ల పేర్లు లెక్కపెట్టాను. అరవై ఉండాలి. అరవై ఒకటి ఉన్నాయి. ఆ అరవై ఒకటోది నాది. పనిలో పని నా కంప్యూటర్‌కి కూడా అయిపోతుందని నేనే ఆ గుంపులో చేర్చి, ఆ సంగతే మర్చిపోయాను. నా బల్లకి సరైన వైరు లేదు. బల్ల కింద ఒక పాతకాలపు స్విచ్ డబ్బా పెట్టుకుని, పక్క బల్ల నుంచి ఒక వైరు లాక్కుని నెట్టుకొస్తున్నాను. దాని వేగం మిగతావాటిలో పదో వంతు. అది మాటిమాటికీ మళ్ళీ చెప్పండి సార్ అంటోంది, అరవై కంప్యూటర్లూ నా కోసం ఆగుతున్నాయి.

నా బల్లకి వైరు ఎందుకు లేదో నీకు గుర్తుందా? ఎండాకాలం సెలవుల్లో ల్యాబుకి వైర్లు వేస్తూ, ఎవరూ లేకుండా చూసి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగావు. "నీ బల్లకీ ఒకటి లాగెత్తానే గుంటా. రెండు నిమషాల పని." నేను వద్దన్నాను. అవసరం లేదన్నాను. నువ్వు నా బల్ల కింద కూర్చుంటే, పని ధ్యాసలో పడి ఇంట్లో పిలిచినట్టే గుంటా అని పిలుస్తావేమోనని భయం నాకు. సెలవుల్లోనూ ల్యాబులోకి వచ్చిపోయే రేవతి వింటుందని భయం. ఆ ల్యాబు మొత్తానికి నీ చెయ్యి పడని చోటు నా బల్ల ఒక్కటే. అందరినీ ఆపింది కూడా అదే.

ఇంతవరకూ తప్పు, సిగ్గు అనుకో. ఇకనుంచి చెప్పేదానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలీదు.

నా వైరు పీకేశాను. మళ్ళీ మొదలెడితే గంట తిరక్కుండా అన్నీ అయిపోయాయి. ఉదయభాస్కర్ వచ్చి ఏం చేశారండీ అంటే, సర్వర్ ఆపి మళ్ళీ ఆన్ చేశానన్నాను. నీ వైర్లు బాగున్నాయన్న సంగతి ప్రిన్సిపాల్ గారి దాకా పోనివ్వలేదు. సోమవారం పరీక్ష చక్కగా జరిగింది. సాయంత్రం స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు నన్ను లేపి నిలబెట్టి మెచ్చుకున్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. నువ్వు అప్పటికింకా ఊళ్ళోనే ఉన్నావు అన్నయ్యా. నీ ప్రయాణానికి ఇంకా రోజులున్నాయి. ఇంటికి వచ్చి నీకు అన్నం వడ్డించాను, నీ చొక్కాలు ఇస్త్రీ చేశాను, బస్సు దాకా వచ్చి సంచి అందించాను. కంప్యూటర్లు బాగయ్యాయని గానీ, తప్పు నీది కాదని గానీ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. నువ్వు కిటికీలోంచి, నీ పని సెడగొట్టేసేనే అని నన్నే ఓదార్చావు. అప్పుడైనా చెప్పలేదు.

నీ చీటీ వచ్చాక ఇక ఆగలేకపోయాను. ముందు అమ్మకి చెప్పాను. అంతా విని, "ఆడిని అన్నని సెప్పుకోడానికి నీకు నామోషీ అయిందేటే?" అని అడిగి, నేనేం చెబుతానో వినకుండా దూడ దగ్గరికి పోయింది. నాతో మాట్లాడటం మానేసింది, అన్నం మాత్రం పెడుతోంది.

నిన్న ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. డబ్బా సంగతి చెప్పాను. ఆ సత్తిబాబు మా అన్నయ్య సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి ఆ రోజు ఆయన నిన్ను మేడమ్ అన్నాడు కదమ్మా?"

తెలియనివ్వద్దని నేనే మాట తీసుకున్నాను సార్ అన్నాను.  చప్పట్లు కొట్టించుకున్న చోటే ఇదీ చెప్పమన్నారు. ఇవాళ మీటింగులో లేచి మొత్తం చెప్పాను. రేవతి బల్లకేసి చూస్తూ కూర్చుంది. మెమో ఇస్తారట, తీసుకుంటాను. లైబ్రరీ పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నీకు ఇష్టమైతే వచ్చి చేయమని, ఆయన తన మాటగా రాయమన్నారు. నా మాటగా రమ్మని అడిగే మొహం నాకు లేదు. రాకపోతే నీ తప్పేమీ లేదు.

ఒకటి మాత్రం అడుగుతాను. వేసిన అతుకు విప్పకు. నీ చేతి పనిలో తప్పుందని అన్నది ఒక్కతే, అది అబద్ధం ఆడింది.

ఆ డబ్బా తీసి పారేశాను. నా కంప్యూటర్‌కి ఇప్పుడు నెట్‌వర్క్ లేదు. ఎవరినైనా పిలిచి వైరు వేయించుకోమన్నారు ప్రిన్సిపాల్ గారు. మా అన్నయ్య వస్తే వేస్తాడు సార్ అన్నాను. ఎప్పటికైనా వస్తే, ఎవరూ లేనప్పుడు రావద్దు. మిట్టమధ్యాహ్నం, స్టాఫంతా ఉన్నప్పుడు రా. ఆ లుంగీతోనే రా. నా బల్ల కింద కూర్చుని, వైరు అందుకోమని ఇంట్లో పిలిచినట్టే గట్టిగా పిలువు. పలుకుతాను.

ఇట్లు,
నీ గుంట