మూడో గదిలో గోధుమలు

సోమవారం

పెద్దనాన్నగారికి నమస్కారాలు.

రేవు ఆఫీసు నుంచి మీ తమ్ముడి కూతుర్ని రాస్తున్నాను. మీ పిండిమరకి రావలసిన ఐదు వందల టన్నుల గోధుమలు ఓడలో మూడో గదిలో వచ్చాయి. నాన్నగారి మరకి రావలసిన ఐదు వందలూ ఆ గదిలోనే ఉన్నాయి. విడి సరుకు కాబట్టి గది మొత్తానికి ఒకటే రసీదు. దాని మీద మీరిద్దరూ సంతకం పెడితేనే సరుకు వదులుతారు. శనివారానికి గది ఖాళీ కాకపోతే ఓడ ఆలస్యం నా నెత్తిన పడుతుంది. నాది ఇంకా ఖాయం కాని ఉద్యోగం, ఊడిపోతుంది. రసీదు మా బంట్రోతు చేత పంపుతున్నాను.

ఇట్లు,
మీరు పేరు పెట్టిన లాయరమ్మ

తా.క. సంతకానికి మాట్లాడుకోనక్కర్లేదు. పెన్ను కదిలితే చాలు.

మంగళవారం

లాయరమ్మకు దీవెనలు.

రసీదు తిప్పి పంపుతున్నాను. మీ నాన్న పేరున్న కాగితం మీద నా పేరు పడి పదకొండేళ్లయింది. ఇప్పుడు పడదు. బస్తాల మీద నా గుర్తు ఉంటుందిగా, వాటిని ఎడమ పక్కన పేర్పించు. మీ నాన్నవి కుడి పక్కకి తోయించు. నావి నేను తెచ్చుకుంటాను.

నీ మేలు కోరే
పెద్దనాన్న

తా.క. మధ్యలో రెండడుగులు ఖాళీ వదలమను. మీ నాన్నకి మెల్లిగా జరిగే అలవాటుంది.

మంగళవారం, మధ్యాహ్నం

పెద్దనాన్నగారికి,

బస్తాలు లేవు. అక్కడ గొట్టంతో గదిలోకి పోశారు, ఇక్కడ క్రేనుతో తోడతారు. నిచ్చెన దిగి చూశాను, మోకాళ్ల దాకా కూరుకుపోయాను. మీ గింజ ఏదో నాన్నగారి గింజ ఏదో చెప్పే నాథుడు లేడు. దయచేసి సంతకం పెట్టండి.

మీ లాయరమ్మ

తా.క. తూకం కూడా కాటా మీద కాదు, ఓడ నీళ్లలో ఎంత దిగిందో చూసి కడతారు. మీరిద్దరూ కలిసే దాన్ని ముంచారు.

బుధవారం

లాయరమ్మకు,

కలిపేశారా? నేను నమూనా పొట్లం విప్పి, గింజ కొరికి చూసి కొన్న మనిషిని. మీ నాన్న ధర తప్ప ఇంకేమీ చూడడు. అతని నాసిరకం నా నెత్తిన రుద్దుతారా? మా గుమాస్తాని పంపుతున్నాను. ఇరవయ్యేళ్లుగా గోధుమల్లోనే ఉన్నాడు, మనవి ఏవో పట్టేస్తాడు.

పెద్దనాన్న

తా.క. మీ నాన్న కూడా ఎవరినో పంపుతున్నాడట. ముందు మావాణ్ణి దించు.

గురువారం

పెద్దనాన్నగారికి,

గుమాస్తాలిద్దరూ దిగారు. మధ్యాహ్నం దాకా గోధుమల మీద కాళ్లు చాపుకుని కబుర్లాడుకున్నారు. పైకొచ్చాక మీవాడు పై పొర మీ సరుకన్నాడు, నాన్నగారివాడు పై పొర నాన్నగారిదన్నాడు. అడుగుపొర ఎవరికీ అక్కర్లేదు.

ఇక రూలు వినండి. రేపటికి మీ సంతకం అందకపోతే వెయ్యి టన్నులూ నాన్నగారికే ఇచ్చేస్తారు. మీ వాటా ఆయన గుమ్మం ముందు నిలబడి అడిగి తెచ్చుకోవాలి.

మీ లాయరమ్మ

తా.క. కుర్చీ వేయమని ఆయనకి చెబుతాను. వేస్తారని హామీ ఇవ్వలేను.

శుక్రవారం

ఆఫీసు అమ్మగారికి,

నిన్న మీ నాన్న నా గుమ్మం తొక్కాడు. చేతిలో నీ ఉత్తరం. సరుకంతా నాకే ఇచ్చేస్తారని, అతను నా గుమ్మం ముందు నిలబడాలని అతనికి రాశావట. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివాం. కుర్చీ సంగతితో సహా ఒక్క అక్షరం తేడా లేదు.

"అన్నయ్యా, దీనికింత పొగరు ఎక్కడిది?" అన్నాడు తమ్ముడు.

"నీ పెంపకం," అన్నాను.

"కాదు, నీ గారాబం," అన్నాడు.

అది తేలేసరికి సాయంత్రమైంది. ఆ ఊపులోనే నీ మీద మీ ఆఫీసరుకి రెండు పేజీల ఫిర్యాదు రాసి, ఇద్దరం సంతకాలు చేసి పంపాం. రసీదు మీద మాత్రం చచ్చినా పెట్టం.

ఇట్లు,
నీకేమీ కాని పెద్దనాన్న

తా.క. అబద్ధాలకోరు అంటే చాలన్నాడు తమ్ముడు. గుండెలు తీసిన అబద్ధాలకోరు అని నేను పట్టుబట్టి రాయించాను.

శనివారం

పెద్దనాన్నగారికి నమస్కారాలు. నాన్నగారికి నకలు పంపడం లేదు, పక్కనే ఉండి ఉంటారు.

ఫిర్యాదు అందింది. ఆఫీసరుగారు రెండుసార్లు చదివారు. "మూడో గదిలో ఉన్న మా ఇద్దరి గోధుమలు మాకు వెంటనే ఇప్పించవలెను" అని ఉంది, కింద సొంతదారులిద్దరి సంతకాలూ ఉన్నాయి, ఇంక రసీదెందుకన్నారు. ఫిర్యాదు మీదే ముద్ర కొట్టారు. మధ్యాహ్నానికి గది ఊడ్చేశారు.

లేని రూలు పుట్టించినందుకు నన్ను అరగంట నిలబెట్టి చీవాట్లు పెట్టారు. తరవాత కూర్చోమని ఉద్యోగం ఖాయం చేసిన కాగితం ఇచ్చారు.

ఇట్లు,
గుండెలు తీసిన లాయరమ్మ

తా.క. లారీలు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. ముందు ఎవరి మరకి పంపాలో తెలియడం లేదు. మీరిద్దరూ కలిసి ఇంకో ఫిర్యాదు రాయండి.