కుట్టు మిషను అమ్మకు

తమ్ముడూ, మీరంతా చల్లగా ఉండాలి.

మీ బావగారి కాలు దక్కిందిరా! మడమ పుండుకి కాలు తీసేయాలన్నారని కిందటి కార్డులో రాశాను కదా. ఇక్కడి డాక్టరమ్మ పసుపు సారం కలిపిన జెల్ మందు సూదితో పుండులోకి ఎక్కించింది. నీళ్లలా వెళ్లి, ఒంటి వేడికి పెరుగులా గడ్డకట్టి, సారాన్ని మెల్లగా వదులుతుందట. ఈ రోజు కట్టు విప్పితే ఎర్రగా కొత్త కండ!

"నేను పసుపు పెడతానంటే కసిరారే" అన్నాను మీ బావగారితో.

"నీకు సూది పట్టడం రాదుగా" అని నవ్వారు. ఎన్నాళ్లకో ఆ నవ్వు! అంతా దేవుడి దయ.

మరదలి దగ్గు తగ్గిందా? ఆయన కుట్టు మిషను అమ్మేయమన్నారు కదా, బేరం కుదిరినా ఇవ్వకు. నూనె వేసి ఉంచు. దాన్ని తొక్కే కాలు ఇంటికొస్తోంది.

పిల్లలకు దీవెనలతో,
అక్క