జనం నవ్వుతుండగా పడిన దెబ్బలు

అవాలి, బహ్రెయిన్

అక్కకి,

సుగుణ వందనాలు. నువ్వు, బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఎడమ మణికట్టుకి కట్టు వేశారు, అంతే. కుడిచేత్తోనే రాస్తున్నాను కదా, కంగారు పడకు. హోటల్లో జనం తీసిన ఆ వీడియో చూసి అమ్మ ఏడ్చిందని తెలిసింది. ఫోనులో చెబితే మధ్యలోనే ఏడుపులు మొదలవుతాయని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పనిచేసే డోరతీ అమ్మగారు ఒకప్పుడు ఇంగ్లండులో టీవీ నటి. మాంసం కొట్టు నడిపే ఆయన కూతురు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో నాటకాలాడుతూ పైకొచ్చి, ఒక కామెడీ సీరియల్లో గయ్యాళి పెళ్లాం వేషంతో దేశమంతా పేరు తెచ్చుకుంది. ప్రతి వారం మొగుడు చెంపదెబ్బ కొట్టాలి, ఆమె సోఫా మీద పడాలి, జనం నవ్వాలి. మొగుడి వేషం వేసిన రెజినాల్డ్ నిజంగానే కొట్టేవాడట. ఒకసారి పన్ను ఊడింది. ఇంకోసారి ఒక చెవి వినపడకుండా పోయింది. ఇప్పటికీ ఆ పక్క నుంచి పిలిస్తే పలకదు. పైవాళ్లకు చెప్పుకుంటే "నవ్వు బాగా వస్తోంది, ఓర్చుకో" అన్నారట. చివరికి నటన మానేసి, ఇక్కడ ఆయిల్ కంపెనీలో ఇంజనీరును పెళ్లాడి వచ్చేసింది. ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది.

పోయిన నెల ఇక్కడి సీఫ్ అనే పేటలో ఒక హోటల్ వాళ్లు ఆ రెజినాల్డ్‌ని రప్పించి, శుక్రవారం మధ్యాహ్నం విందులో పాత సీను వేయిస్తామన్నారు. అమ్మగారు సరేనంది.

"ఆ మనిషితో మళ్లీ ఎందుకమ్మా?" అన్నాను.

"చెయ్యి తగలనివ్వనని మాటిచ్చాడు సుగుణా. ఆ సీను ఒక్కసారైనా దెబ్బ లేకుండా ఆడాలనుంది."

ఆ శుక్రవారం ఆమె శాలువా పట్టుకుని నేను తెర పక్కన నిలబడ్డాను. వాడు కొట్టిన చప్పుడు నా దాకా వినిపించింది. పెదవి చిట్లి తెల్లగౌను మీద రక్తం పడింది. హాలంతా పగలబడి నవ్వింది. అమ్మగారు లేచింది. వాడు మళ్లీ చెయ్యెత్తాడు. ఆమె టీ ట్రే అందుకుని వాడి మొహం మీద బాదింది. ముక్కు పగిలింది. ఇంకా గట్టిగా నవ్వారు. వాడు ఆమె జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు.

ఫోన్లు పట్టుకుని నవ్వుతూనే ఉన్నారక్కా! ఎవరూ రారని అప్పుడు అర్థమైంది. పరుగెత్తి వాడి చొక్కా పట్టుకున్నాను. "ఒరేయ్, వదల్రా!" అని అరిస్తే దానికీ నవ్వారు. వాడు నా చెయ్యి మెలిపెట్టాడు. ఎముక విరిగింది. వాడి చెయ్యి కొరికేశాను, రక్తం వచ్చేదాకా. అప్పుడు వడ్డన చేసే ఏసుదాసు, మన అమలాపురం వైపు అబ్బాయి, గిన్నె పారేసి వచ్చి, వాణ్ని కింద పడేసి మీద కూలబడ్డాడు. "ఖలాస్! ఇంక కదిలావంటే చంపేత్తాను." అప్పటికిగాని నవ్వులు ఆగలేదు.

అమ్మగారి నుదుటికి కుట్లు పడ్డాయి. పోలీసుల దగ్గర రెజినాల్డ్, ఇదంతా నాటకంలో భాగమేనన్నాడు. ముసలిదానికి మతి చెడిందన్నాడు. హోటల్ మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "పనిమనిషివి, నీకెందుకు? నాటకంలో ఉన్నదేనని చెప్పేయ్" అన్నాడు. ఇక్కడి మన ప్రార్థన కూటం వాళ్లు కూడా, "ఇంటికి పంపేస్తారే పిల్లా, ఊరుకో" అంటున్నారు.

అమ్మగారు మాత్రం ఇలా అంది: "భయమైతే చెప్పొద్దు, నిన్నేమీ అనను. కానీ నేను ఏడ్చినా నటనే అంటారు. నువ్వు నటివి కాదు."

ఆదివారం పోలీసుల దగ్గరికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పి వస్తాను. ఏసుదాసు కూడా వస్తానన్నాడు. ఎవరైనా వచ్చేవాళ్లుంటే, ఎముక అతుక్కోవడానికి నల్లేరు పొడి పంపించు. ఇక్కడ ఉక్కకి కట్టు కింద చర్మం దురద పెడుతోంది, అన్నం మాత్రం బాగానే తింటున్నానని అమ్మకు చెప్పు. పెద్దమ్మకి, బావగారికి, పాస్టర్ గారికి నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నీ ఆశీర్వాదం కావాలక్కా. ఆమె దెబ్బల గురించి నేను చెప్పేటప్పుడు, ఆ గదిలో ఎవరూ నవ్వకూడదని ప్రార్థన చెయ్యి.

నీ చెల్లి
సుగుణ