అక్క పంపిన గొట్టాలు

అక్కా,

కుశల ప్రశ్నలు తరవాత, ముందు ఈ సంగతి విను. మీ వార్డులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లుల దగ్గర నువ్వు తీసి పంపిన లాలాజలం గొట్టాలు మా ల్యాబులో నన్ను రెండు నెలలు ఏడిపించాయి. ఒత్తిడికి ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను, మనతో కలిసి ఈ పరిశోధన చేస్తున్న మిగతా రెండు దేశాల తల్లుల్లో ఎక్కువగా ఉంటే, మన తల్లుల్లో బాగా తక్కువగా వచ్చింది. అందరూ తప్పు నా చేతిదేనన్నారు. నాకు పౌరుషం వచ్చి, మిగిలిన సగం లాలాజలాన్ని ఐసులో పెట్టి ఆ దేశాల ల్యాబులకే పంపాను.

ఇవాళ ఫోన్ వచ్చింది. వాళ్ల మిషన్లలోనూ అవే అంకెలు! మా పెద్ద డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, "ఆ నర్సు ఏం చేసిందో కనుక్కోవే!" అని అరిచింది.

పరుగున వెళ్లి, గొట్టాలతో పాటు నువ్వు పంపిన రిజిస్టరు తిరగేశాను. ప్రతి తల్లి పేరు పక్కనా చిన్న అక్షరాలతో "బిడ్డను అరగంట గుండెకు హత్తుకుంది" అని రాశావు. శాంపిల్ తీసేదాకా బిడ్డను ఇవ్వకూడదని రూలు కదా! నాక్కూడా చెప్పలేదేం?

భయపడకు, నిన్నెవరూ ఏమీ అనరు. బిడ్డను ఎంతసేపు హత్తుకుంటే తల్లిలో కార్టిసాల్ ఎంత తగ్గుతుందో మూడు దేశాలూ కలిసి చూడబోతున్నాయి. వచ్చే సోమవారం ఆ దేశాల సైంటిస్టు ఒకామె ఫోనులో నిన్ను, "ఎందుకలా చేశారు?" అని అడుగుతుంది. పెద్ద మాటలేవీ వెతుక్కోకు. ఏడుస్తున్న తల్లి ముందు గొట్టం చాపడానికి చెయ్యి రాలేదని చెప్పు. వాళ్ల భాషలో నేను చెప్తాను. మధ్యలో నేనే ఏడ్చేస్తే మాత్రం నవ్వకు.

నీ చెల్లి